మోకాలెత్తు అరుగు

నూజివీడు బజారులో రాఘవయ్య బట్టలకొట్టు పడగొట్టి, అదే స్థలంలో మద్రాసు పద్మా స్టోర్సు వారి బ్రాంచి కట్టడం ఖాయమైన రోజున ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క దిగులు పట్టుకుంది. రాఘవయ్యకు గల్లాపెట్టె ఏ మూలకొస్తుందోనని. ఆయన తల్లి గోవిందమ్మగారికి, గుమ్మం మీది వెంకటేశ్వరస్వామి పటానికి కొత్తదాంట్లో చోటుంటుందో లేదోనని. కోడలు పుష్పావతి దిగులల్లా అరుగు గురించి. బయటికి చెబితే నవ్వుతారని ఆవిడ చెప్పలేదు.

పద్మా స్టోర్సు బెజవాడలో చూసినా, ఏలూరులో చూసినా, రాజమండ్రిలో చూసినా ఒకటే భవనం. ఎదర నిలువెత్తు గాజు, లోపల పొడుగాటి కౌంటరు, పైన ఎర్రక్షరాల బోర్డు. వీధిలోంచి అడుగు తీసి అడుగేస్తే కొట్లోనే. అరుగన్న మాటే లేదు. "కళ్ళు మూసుకుని ఏ ఊళ్ళో దిగినా మా స్టోర్లో ఏ తాను ఎక్కడుందో చెప్పెయ్యొచ్చు" అని కంపెనీవారు గొప్పగా చెప్పుకునేవారు. కళ్ళు మూసుకుని బట్టలు కొనేవాళ్ళెవరో పుష్పావతికి అంతుపట్టలేదు. ఇంటర్మీడియెట్ సగం చదివి, మిగతా సగం పెళ్ళికి ఒప్పజెప్పిన మనిషి కాబట్టి, అంతుపట్టనివాటిని లోపలే దాచుకోవడం ఆవిడకి బాగా అలవాటైంది.

కొట్టు వెనకే ఇల్లు. పక్కగా ఇంటి వాకిలి. పాత అరుగు కొట్టు ముందునుంచి ఆ వాకిలి దాకా సాగి ఉండేది. మామిడి దిగడం మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఆగిరిపల్లి తోటల్లోంచి బసవమ్మ రసాల గంపతో వచ్చి, ఆ అరుగు చివర, వాకిలి పక్కన కూర్చునేది. గుమ్మానికి ఇవతల పుష్పావతి పీట వేసుకునేది. బేరం రెండు మాటల్లో తేలిపోయేది. ఆ తర్వాతదంతా కబుర్లే. ఏ తోట ఎవరు గుత్తకు తీసుకున్నారు, ఏ కాపలావాడు ఎవరి చెల్లెలికి పళ్ళు దాచిపెడుతున్నాడు, ఏ ఆసామి ఇంట్లో ఎవరికెవరితో మాటల్లేవు అన్నీ అక్కడ తెలిసేవి.

"మీ అత్తగారు కాయ నొక్కి చూత్తంటే నాకు భయవేస్తది అమ్మగోరూ. దీనికి నాడి లేదు, తీసుకుపొండి అంటారేవోనని" అనేది బసవమ్మ.

పుష్పావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. గుడికి తప్ప, గడప దాటి బజారులోకి రావడం ఆ ఇంటి కోడళ్ళకి లేదు. సంవత్సరంలో ఆవిడ కడుపారా నవ్వేది ఆ కాస్త కాలమే.

పాతకొట్టు పెంకులు దించుతున్న రోజుల్లో బసవమ్మ ఆ సంవత్సరపు ఆఖరి గంప తెచ్చింది.

"ఐతే ఇది కూడా పోద్దా?" అంది అరుగుని అరచేత్తో తట్టి. "వచ్చేయేడు నేనెక్కడ కూకోను?"

"నీ చోటు నీకుంటుంది. నేను లేనూ?" అంది పుష్పావతి. చెప్పడమైతే చెప్పింది గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అదృష్టం మద్రాసునుంచి ప్యాంటు వేసుకుని వచ్చింది. కంపెనీ ఇంజనీరు కృష్ణమూర్తి నీలం కాగితం మీది ప్లాను వరండాలో పరిచి, "ఇకనుంచి ఊరి అవసరాన్నిబట్టి ఒక మార్పు చేయమని పైవాళ్ళు చెప్పారండీ. ఒక్కటే సుమండీ. మీ ఊరికేం కావాలో చెప్పండి" అన్నాడు.

ఊరి అవసరమనేసరికి రాఘవయ్య గల్లాపెట్టె సంగతెత్తాడు. గోవిందమ్మగారు స్వామి పటం సంగతి.

"పటానికి మేకు చాలమ్మా. దాన్ని మార్పనరు" అన్నాడు కృష్ణమూర్తి ఓపిగ్గా.

రాఘవయ్య ప్లాను చేతిలోకి తీసుకుని చాలాసేపు తల పంకించాడు.

"ఏమండీ, అది తలకిందులుగా ఉంది" అంది పుష్పావతి తలుపు వెనకనుంచి.

కృష్ణమూర్తి తలుపువైపు తిరిగాడు. "మీరేమైనా చెబుతారామ్మా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆవిణ్ణి అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. "అరుగు కావాలండీ" అంది.

"బట్టల షాపుకి అరుగెందుకమ్మా?"

"ఈ చుట్టుపక్కలవాళ్ళు బట్టలకొచ్చి ముందు కూర్చుంటారండీ. తర్వాత మాట్లాడతారు. తర్వాత ఇంటికి పోతారు. మర్నాడొచ్చి కొంటారు. కూర్చునే చోటు లేకపోతే ఆ మర్నాడు రాదు."

కృష్ణమూర్తి పెద్దగా నవ్వి పెన్సిలు తీశాడు. "ఎంతెత్తుండాలి? పాతది మరీ రొమ్మెత్తుందే."

పుష్పావతికి అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చాయి. పక్క మెట్లెక్కి వచ్చి, "అమ్మా, నా నడుం" అంటూ చతికిలబడే బసవమ్మ గుర్తొచ్చింది. "మోకాలెత్తు చాలండీ. ఆడవాళ్ళు మెట్లెక్కే అవస్థ లేకుండా కూర్చోవాలి" అంది.

"బాగా ఆలోచించారమ్మా" అన్నాడు ఇంజనీరు. "మా ఆవిడ ఇంటర్ చదివిందండీ" అన్నాడు రాఘవయ్య, ఫీజు తనే కట్టినట్టు.

మళ్ళీ మామిడికాయ ముదిరేవేళకి కొత్త కొట్టు తెరిచారు. ఎర్రసిమెంటు నున్నగా మెరుస్తున్న అరుగు మీద మైలవరం రైతులు కూర్చున్నారు, మాట్లాడారు, మర్నాడొచ్చి కొన్నారు. గోవిందమ్మగారు సాయంత్రాలు మెట్టెక్కకుండానే వచ్చి కూర్చుని, ఈ ఆలోచన తనదేనని పదిమందికీ చెప్పారు. పుష్పావతి అడ్డు చెప్పలేదు. ఆవిడ చూపంతా వీధి మలుపు మీదే.

ఒక పొద్దున బసవమ్మ వచ్చింది. నెత్తిమీద గంప నిండుగా ఉంది. అరుగు ముందు ఆగి, దాన్ని చూసి, ఆ చివరిదాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఏంటలా చూస్తావు? కూర్చో. నీకోసమే కట్టించాను" అంది పుష్పావతి గుమ్మంలోంచి.

"కూకోటానికి లచ్చణంగా ఉందమ్మగోరూ. దించుకోవాలిగా ముందు. కాత్త చెయ్యెయ్యండి."

అప్పుడు తెలిసింది పుష్పావతికి. పాత అరుగు దగ్గర బసవమ్మ ఎన్నడూ ఎవర్నీ చెయ్యెయ్యమనలేదు. రొమ్మెత్తు అరుగుకి ఎదురుగా నిలబడి, మోకాళ్ళు కాస్త వంచి, గంపని దానిమీదికి జార్చి, ఆ తర్వాత మెట్లెక్కి వచ్చి కూర్చునేదన్నమాట. పోయేటప్పుడు అంచుకి లాక్కుని, కిందికి తల దూర్చి, తనే ఎత్తుకునేది. ఇన్నేళ్ళూ పుష్పావతి పీట తెచ్చుకుని వచ్చేసరికి గంప దించేసి బసవమ్మ మెట్లెక్కుతుండేది. కూర్చోవడమే చూసింది, కూర్చోవడానికే కట్టించింది.

"తొరగా అమ్మగోరూ, మెడ లాగేత్తంది."

గాజు వెనక కంపెనీ గుమాస్తాలు ఇటే చూస్తున్నారు. అరుగు మీద కూర్చున్న రైతులు మాటలాపారు. పుష్పావతి పాదం లేచింది. గడప దాటడానికి ఇంక ఒక్క అడుగే.

"పుష్పా!" అన్నారు వెనకనుంచి గోవిందమ్మగారు, గొంతు పెంచకుండా. "నువ్వెక్కడికే నడిబజార్లోకి? గుమాస్తా వస్తాడు."

గుమాస్తా గాజుతలుపు తెరిచి, మామిడిపళ్ళు దించడం తన డ్యూటీలో లేదన్నాడు. రైతుల్లో ఒకాయన లేవబోయి, తలపాగా సర్దుకునే లోపల, బసవమ్మ "పోన్లెండి" అంది.

నెత్తిమీద అంత బరువుతో వెనక్కి తిరిగి చూడ్డం కుదరదు. నిటారుగా నడిచిపోయింది. చూడాలనుకుందో లేదో పుష్పావతికి ఎప్పటికీ తెలియలేదు. తన పాదం మాత్రం ఇంకా గడప మీదే ఉంది.

ఆ తర్వాత బసవమ్మ బస్సులు ఆగే చోట నూనెకొట్టు అరుగుకి మారిందని విన్నారు. పళ్ళు గుమాస్తా తెస్తున్నాడు. అవి సగం పుల్లనని గోవిందమ్మగారు రోజూ సణుగుతున్నారు. పుష్పావతి పీట వంటింట్లోకి చేరింది.

"వాకిలి పక్కన చిన్న దిమ్మ కట్టిద్దామండీ, రొమ్మెత్తున" అంది ఒకనాడు భర్తతో.

"ఒక్కటే మార్పన్నారు. అది నువ్వు చేయించేశావుగా" అన్నాడు రాఘవయ్య. ఎత్తిపొడుపు కాదు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు.

రసాలు అయిపోవస్తుండగా కృష్ణమూర్తి మళ్ళీ వచ్చాడు, ముఖం చాటంత చేసుకుని. "మీ అరుగు పైవాళ్ళకి తెగ నచ్చిందమ్మా. ఇకమీదట కట్టే ప్రతి బ్రాంచికీ ఇదే ఎత్తు, ఇదే ఎరుపు. ప్లానులో దాని పేరేంటో తెలుసా? నూజివీడు అరుగు!"

పుష్పావతి ఈసారి తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చింది. "అది తప్పండీ. పాత ఎత్తే సరైంది. తలమీద బరువున్నవాళ్ళు దించుకోలేరు."

"ఎవరన్నా కంప్లయింటు చేశారామ్మా?"

"చేసేవాళ్ళు ఇక్కడ ఆగలేరు కదండీ."

కృష్ణమూర్తి మర్యాదగా కాసేపు ఆలోచించాడు. "అయినా మనది బట్టల కొట్టమ్మా" అన్నాడు. రాఘవయ్య అప్పటికే మిఠాయికి మనిషిని పంపాడు. పుష్పావతి లోపలికి వెళ్ళి కాఫీ కలిపింది. ఏయే ఊళ్ళలో ఏయే గంపలు ఆ ఎర్ర సిమెంటు ముందుకొచ్చి నిలబడతాయో, ఏ గుమ్మంలో ఏ కోడలు పాదమెత్తి ఆగిపోతుందో అనుకుంటూ చక్కెర రెండుసార్లు వేసింది.

మరునాడు అత్తాకోడళ్ళు జట్కాలో ఆగిరిపల్లి గుడికి బయల్దేరారు. నూనెకొట్టు దగ్గర లారీ అడ్డం వచ్చి బండి ఆగింది. అప్పుడే బసవమ్మ వచ్చి ఆ ఎత్తైన అరుగుకి ఎదురుగా నిలబడింది. మోకాళ్ళు కాస్త వంగాయి, మెడ ముందుకు సాగింది, గంప చడీచప్పుడు లేకుండా రాతిమీదికి జారింది. ఎంత తేలికో! అన్నేళ్ళలో పుష్పావతి చూడటం అదే మొదలు.

బసవమ్మ నెత్తిమీది చుట్టకుదురు తీసి దులుపుకుంటూ తలెత్తింది. "బాగున్నారా అమ్మగోరూ?"

పుష్పావతి బండిలోంచి ముందుకు వంగేసరికి లారీ తప్పుకుంది, బండి కదిలింది.

"ఎవరే అది?" అన్నారు గోవిందమ్మగారు.

"మన బసవమ్మ అత్తయ్యా."

"మన ఏంటే, ఇప్పుడు నూనెకొట్టు వాళ్ళ బసవమ్మ" అన్నారావిడ, పూలబుట్ట ఒళ్ళో సర్దుకుంటూ.