తీగ మీద పులిహోర సంచి

లాడ్జి గదిలో నేల మీద కూర్చుని, సుగుణ కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొడుతోంది. సిద్దిపేట నుంచి కేరళ దాకా ఆ స్టవ్వు, బియ్యం, చింతపండు, తొక్కు సీసా అన్నీ వ్యాన్‌లో ఆమెతోపాటే వచ్చాయి. "బయటి తిండి మనకు పడదే" అన్నది అత్త విమలమ్మ. అందరికీ వేసవి సెలవులే, సుగుణ ఒక్కదానికి తప్ప! పైగా ఇవాళ శనివారం, ఒక్కపొద్దు. తన కొడుకు బట్టల దుకాణం మంచిగ నడవాలని పదేళ్ల కింద అత్త ఈమె చేత పట్టించిన ఉపవాసం అది. దుకాణం నడుస్తూనే ఉంది, అది మాత్రం మొగుడు దామోదర్ తెలివట.

పులిహోర కలిపి సంచిలో పెట్టుకుని, అందరూ అడవికి పోయారు. అక్కడ లోయకు అడ్డంగా ఇనుప తీగ కట్టారు. నడుముకు పటకా బిగించి, కొక్కెం తగిలిస్తే, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జారిపోవచ్చు. చూడగానే సుగుణకు పిచ్చి ఆశ పుట్టింది. పెళ్లయ్యాక తనకోసం నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగదు.

"నేను గూడ పోతనండి."

"నువ్వేడికి పోతవ్? మా అమ్మ కాడ, సామాన్ల కాడ ఎవలుంటరు?" అన్నాడు దామోదర్.

"అమ్మకు గివన్నీ రావు బాపూ" అంది పన్నెండేళ్ల కూతురు. మొగుడి మాట సుగుణకు అలవాటే. కూతురి మాటే చురుక్కుమంది. నా కడుపున పుట్టి అచ్చం వాళ్ల లెక్కనే మాట్లాడుతోందే అనుకుంది.

తండ్రీ పిల్లలూ కేకలు పెడుతూ జారిపోయారు. పది నిమిషాలకు అవతలి గట్టు నుంచి దామోదర్ అరిచాడు. "ఏయ్! పిల్లలకు ఆకలైతుంది! పులిహోర తీస్కొని నువ్వే రా!"

అదీ సంగతి. ఆమె అడిగితే దొరకనిది పులిహోర వల్ల దొరికింది.

తీగ దగ్గరున్న మలయాళీ మనిషి ఆమెను ఎగాదిగా చూసి, బరువు చాలదు, నడుమ ఆగిపోతారని వచ్చీరాని హిందీలో చెప్పాడు. "తినక సస్తది, మనమేం జేస్తం!" అని నవ్వింది విమలమ్మ. మిగిలితే తినే మనిషికి బరువెక్కడి నుంచి వస్తుందని సుగుణ అడగలేదు. చీర గోచీ పోసి దోపుకుని, సంచి వీపుకు కట్టుకుని, పటకా బిగించుకుని, గట్టు మీంచి కాళ్లు వదిలేసింది.

అమ్మో, ఏం గాలి! నోరారా అరిచింది. తనకు అంత పెద్ద గొంతుందని ముప్పై నాలుగేళ్లకు తెలిసింది. అంతలోనే జోరు తగ్గి, లోయ నడుమ ఆగిపోయింది.

"నా బీపీ గోలీలు నీ సంచిలనే ఉన్నయే!" అని వెనక నుంచి విమలమ్మ.

"అందరి ముంగట ఇజ్జత్ తీస్తివి గదనే! పులిహోర పడతది, సంచి గట్టిగ పట్టుకో!" అని ముందు నుంచి దామోదర్.

నువ్వు పడతావు, జాగ్రత్త అని ఒక్కరన్నా అనలేదు. సుగుణకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి చేతికీ అందని జాగ ఈ లోకంలో తనకు ఇదొక్కటే, అదీ రెండు నిమిషాలు. ఎల్లుండి సిద్దిపేటలో మళ్లీ అదే నీళ్లు పట్టడం, అదే టిఫిన్ గిన్నె దుకాణానికి పంపడం. చచ్చేదాకా ఇంతే, ఇంకేదీ రాదు అని ఆమెకు ఆ తీగ మీద ఖాయమైపోయింది.

మలయాళీ మనిషి తీగ పట్టుకుని పాకుతూ వచ్చాడు. భయమేస్తోందా అమ్మా అని హిందీలో అడిగాడు.

అతనికి తెలుగు రాదు. అందుకే సుగుణ నిజం చెప్పింది.

"గీడ భయమైతలేదన్నా. గా గట్టుకు పోవాలంటేనే భయమైతుంది. జరసేపు గిట్లనే ఉండనియ్యి."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పాపం, బాగా బెదిరిపోయిందనుకుని, ఆమెను గబగబా దామోదర్ వైపు లాక్కుపోయాడు.