జేబులు తడిమే పని

లాండ్రీలో నా పని జేబులు తడమడం. బట్టలు మిషన్‌లోకి వెళ్లేలోపు ప్రతి జేబులోనూ చెయ్యి పెట్టి, దొరికినదాన్ని కవర్లో వేసి చీటీ రాయాలి. తాళాలు, ఉంగరాలు, పెళ్లాం కంట పడకూడని ఉత్తరాలు, ఏవైనా ఉండొచ్చు. పంతొమ్మిదేళ్లలో నా చెయ్యి దాటి ఒక్క గుండుసూది కూడా మిషన్‌లో పడలేదు. ఆ పేరు చూసే తమ్ముడి మాత్రల సీసా నా చేతిలో పెట్టారు.

తమ్ముణ్ణి బళ్లో మాస్టారు తూనీగ అనేవారు. ఒకచోట వాలడు, వాలినా నిలవడు. పొద్దున కొన్న పెన్ను మధ్యాహ్నానికి ఉండేది కాదు. చెప్పిన పని గుమ్మం దాటేలోపే మర్చిపోయేవాడు. మేం దాన్ని పొగరనుకున్నాం, బద్ధకమనుకున్నాం, వీపు విమానం మోత మోగించాం. అది ఏడీహెచ్‌డీ, ధ్యాస నిలవని జబ్బు అని వాడికి ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక గానీ తెలియలేదు. ఈలోగా వాడు తన మందేదో తనే వెతుక్కున్నాడు. ముందు తాగుడు, తర్వాత నిద్రమాత్రలు, తర్వాత రెండూ కలిపి. తాగితేనే తలలో రొద ఆగుతుందని చెబితే నేను నమ్మేదాన్ని కాదు. కానీ వాడి ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పేది మాత్రం నేనే.

మత్తు మాన్పించే సెంటర్‌లో డాక్టరమ్మ రెండింటికీ కలిపి వైద్యం మొదలుపెట్టింది. ఒకదాన్ని వదిలేస్తే అది రెండోదాన్ని మళ్లీ లాక్కొస్తుందని చెప్పింది. ధ్యాస నిలవడానికి రోజుకొక మాత్ర రాసింది. ఎక్కువ మింగితే అదీ మత్తే కాబట్టి సీసా తాళంలో ఉండాలి, తాళం నా దగ్గరుండాలి. పొద్దున్నే నేను మాత్ర ఇస్తే వాడు నా ఎదుటే మింగి, నాలుక ఎత్తి చూపించాలి. నేను గోడమీది కాగితంలో ఎన్నో రోజో రాసి సంతకం పెట్టాలి. శనివారం మాత్రలు లెక్కపెట్టాలి. ఇలాంటివి తోబుట్టువుల్లోనూ ఉంటాయి, మీరూ ఒకసారి చూపించుకోండి అని ఆవిడ అంటే నవ్వేసి వచ్చాను.

నాలుక ఎత్తమంటే మొదటి వారం వాడు సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత దాన్నే వేళాకోళంగా మార్చుకున్నాడు. నోరు బార్లా తెరిచి, "పద్నాలుగు లోకాలూ కనబడ్డాయా అక్కా?" అనేవాడు. కనబడ్డాయి, ముందు పళ్లు సరిగ్గా తోముకో అనేదాన్ని. ఆ ఒక్క నవ్వుతోనే రోజు గడిచేది. మిగతాదంతా జైలే. వాడు ఖైదీ, నేను కాపలా, ఇద్దరికీ సెలవుల్లేవు. తొమ్మిది నెలల్లో ఒక్క పూట కూడా నేను ఇంకో ఊళ్లో నిద్ర లేవలేదు. కొన్నిసార్లు ఆ తాళం చూస్తే వాడి మీద అసహ్యం వేసేది, ఆ వెంటనే నా మీద కూడా.

ఇదంతా రెండు వందల డెబ్బయ్యో రోజు కోసం. ఆ గడువు మరదలు పెట్టింది. అన్ని రోజులు తప్పు లేకుండా గడిస్తే ఆదివారాలు కూతుర్ని మా ఇంటికి, వాడి దగ్గరికి పంపుతానంది. అప్పటిదాకా ఆ ఏడేళ్ల పిల్ల తండ్రిని చూసేది సెంటర్ హాల్లోనే, నేలకు బిగించిన కుర్చీల్లో, వారానికొక గంట, పక్కన ఒక మనిషి కాపలా ఉండగా.

రెండు వందల అరవై ఎనిమిదో రోజు శనివారమైంది. సీసాలో పన్నెండు మాత్రలుండాలి. పదకొండే ఉన్నాయి.

నాలుగుసార్లు లెక్కపెట్టాను. అలమర కింద చీపురు పెట్టి చూశాను, కాళ్లు తుడుచుకునే పట్టా దులిపాను. తర్వాత తమ్ముణ్ణి పిలిచి తీశావా అని అడిగాను. లేదన్నాడు. గురువారం నేను స్నానానికి వెళ్లినప్పుడు తాళం వంటగదిలో మేకుకే వేలాడుతోంది, నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు, తీయలేదని గట్టిగా చెప్పగలవా అని నిలదీశాను.

వాడి చేతులు వాటంతటవే ప్యాంటు జేబుల్లోకి వెళ్లి తడుముకున్నాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని నేననుకున్నాను. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఏది పోయినా మాట వాడి మీదికే వచ్చేది, చాలాసార్లు పోగొట్టింది వాడే కూడా. గురువారం సంగతి గుర్తు లేదన్నాడు. అంతే, నేనిక వదల్లేదు. పడుకునేదాకా అడుగుతూనే ఉన్నాను.

ఆదివారం పొద్దున్న మాత్ర మింగి, నాలుక చూపించి, జోకు లేకుండా నిలబడ్డాడు.

"నేనే తీసుంటానక్కా. గుర్తు లేదంతే. ఇవాళ సెంటర్‌లో గ్రూపు మీటింగులో చెప్పేస్తాను."

చెబితే లెక్క సున్నాకి వస్తుందని ఇద్దరికీ తెలుసు. అయినా చొక్కా ఇస్త్రీ చేసుకుని మూడింటికి బయల్దేరాడు. నా తమ్ముడు నిజం ఒప్పుకునేంత మనిషయ్యాడని వాణ్ణి చూసి గర్వపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

వాడు వెళ్లాక ఉతకడానికి నేను పనికి వేసుకెళ్లే కోటు తీశాను. అలవాటు చొప్పున బయటి జేబులు తడిమి, తర్వాత లోపలి జేబులో చెయ్యి పెట్టాను. లాండ్రీ చీటీ ముక్కలో చుట్టిన మాత్ర దొరికింది.

అప్పుడు బుధవారం మొత్తం గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసులో షిఫ్టు ముందుకు జరిగిందని వాడు మాత్ర వేసుకోకుండానే పరుగెత్తాడు. బస్టాపులో ఇద్దామని ఒకటి తీసి, భద్రంగా ఉంటుందని లోపలి జేబులో పెట్టుకున్నాను. నేను చెప్పులేసుకుంటుండగా వాడు మర్చిపోయిన ఐడీ కార్డు కోసం వెనక్కి వచ్చాడు. దొరికాడు కదా అని ఆ కంగారులో సీసాలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాను. వాడు మింగాడు, నేను సంతకం పెట్టాను, జేబు సంగతి మర్చిపోయాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాళ్లపట్టాలు దులిపాను. వాడి మతిమరుపుకు మాత్రలున్నాయి, నా మతిమరుపుకు వాడున్నాడు.

సెంటర్‌కు పరుగెత్తాను. గ్రూపు అప్పుడే అయిపోయింది. వాడు అందరి ముందూ చెప్పేశాడు, మరదలికి కూడా ఫోన్ చేసేశాడు. నేను కౌన్సెలర్‌ను పట్టుకుని మాత్ర చూపించి అంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విని, మీ బాధ నాకర్థమైంది, వచ్చే బుధవారం మాట్లాడదాం అంది. మరదలికి ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు, అదే నన్ను చంపింది.

"వదినా, అప్పట్లో బాత్రూంలో దొరికిన బ్రాందీ సీసా పాతదని కూడా మీరే ఒట్టేశారు. ఆయన నిజం చెప్పాడు. దాన్ని చెడగొట్టకండి."

నాన్నా పులి కథలో పిల్లాణ్ణి నేనే. వాడి కోసం ఎన్నేళ్లు అబద్ధాలాడానో, ఈ ఒక్క నిజం ముందు అవన్నీ వచ్చి నిలబడ్డాయి. నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

ఇంటికి నడుస్తూ తమ్ముడికి మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఐడీ కార్డు మాట రాగానే ఆగాడు, అది వాడికి గుర్తుంది. చీటీ విప్పి మాత్ర చూశాడు. నమ్మాడనే అనుకున్నాను.

"నువ్వు చెప్పేది నిజమే అనుకో అక్కా. మరి నేను తీయలేదని నాకెందుకు తెలీలేదు?"

 శనివారమంతా అడిగి అడిగి వాడి బుర్రలో లేని దొంగతనాన్ని నేనే పెట్టాను. ఇప్పుడు దాన్ని తీయడం నావల్ల కాలేదు. ఎవరూ నమ్మరులే, ఇక నాకోసం ఎవరితోనూ వాదించొద్దు, మళ్లీ మొదలుపెడతాను అన్నాడు. ఇంటికెళ్లి మాత్ర సీసాలో వేస్తే లెక్క సరిపోయింది.

సోమవారం పొద్దున్న తాళం తీసి మాత్ర ఇచ్చాను. వాడు మింగాడు. నేను అడగకుండానే నోరు తెరిచి నాలుక ఎత్తాడు. ఎప్పుడూ లేనంతసేపు, నాకు బాగా కనబడేలా వెలుతురు వైపు తిరిగి మరీ అలాగే ఉంచాడు.

"చాల్లేరా, కనబడ్డాయి" అన్నాను. వాడు నవ్వలేదు.

పెన్ను తీసి గోడ దగ్గరికి వెళ్లాను. ఆ రోజు రెండు వందల డెబ్బై. రెండు అంకె వెయ్యబోతుంటే వాడు మెల్లగా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒకటి రాయక్కా."

రాశాను, కింద సంతకం పెట్టాను. వాడి కోసం జీవితంలో ఎన్నో అబద్ధాలాడాను. వాడు అడిగి రాయించుకున్నది ఇదొక్కటే.