నాడా కట్టిన ప్లగ్గు

మిషను పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ ఉండగానే ఆయన ప్లగ్గుకు కట్టిన నాడాను ఒక్క లాగు లాగాడు. ప్లగ్గు ఊడి టప్పున నేలమీద పడింది. ఆయన వంగి ప్లగ్గును మళ్లీ బోర్డుకు పెట్టి, తెర వెలిగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం మాస్టారూ, బతికిందా?" ముందు గదిలోంచి కొట్టు యజమాని కేకేశాడు.

"బతికింది."

"బాగుచేస్తారు కదా అని పెట్టుకుంటే పొద్దున్నే చంపడం మొదలెడతారేమిటండీ బాబూ!"

కంప్యూటర్లు బాగుచేసే ఆ కొట్టులో వెనక గది ఆయనది. జనం తెచ్చిన మిషన్ల దుమ్ము దులుపుతాడు, కాలిపోయిన ముక్కలు మారుస్తాడు. అది కడుపు నింపే పని. కిటికీ పక్కనున్న పాత మిషను మాత్రం ఆయన సొంతం. అందులో ఉండేది గూడు.

గూడు అంటే ఒక ఫైల్ సిస్టమ్. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, అడగ్గానే తెచ్చిచ్చే ఏర్పాటు. ఎక్కడో సముద్రాల అవతల ఒకాయన దాన్ని రాసి, ఎవరైనా చూడండి, వాడుకోండి, తప్పుంటే దిద్దండి అని ఊరికే లోకానికి వదిలేశాడు. ఇంకా ప్రయోగంలోనే ఉంది, నమ్ముకోవద్దు అని పైన ఒక మాట కూడా రాసిపెట్టాడు. వద్దన్నదాన్నే నమ్ముకుని పరీక్షించే పిచ్చివాళ్లు దేశానికొకరైనా ఉంటారు కదా, ఈయన ఆ బాపతు. ఫైళ్లు ఒకచోటి నుంచి మరోచోటికి మారుతుండగా మధ్యలో కరెంటు తీసెయ్యాలి, మళ్లీ ఇచ్చి ఏది మిగిలిందో చూడాలి. బటను నొక్కి ఆపితే కుదరదు. అలా ఆపితే దానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. పోయే కరెంటు చెప్పి పోదు కదా.

ప్లగ్గుకు నాడా కట్టింది భార్య. ప్రతిసారీ వంగి పీకి నడుం పట్టేసిందని మూలుగుతుంటే, కూర్చున్నచోటి నుంచే లాగేట్టు కట్టి, కొసన చెయ్యి దూరేలా ముడివేసింది. అలా కట్టినావిడే రోజూ తిట్టేది కూడా. ఆవిడ పోయి రెండేళ్లు. ఫోనులో మాట్లాడమంటే గొంతు పెగలని మనిషి కాబట్టి ఎక్కడా ఆవిడ గొంతు రికార్డై మిగల్లేదు, ఒక్కచోట తప్ప. ఎవరిదో మైకు బాగుచేసి చూస్తున్నప్పుడు, భోజనం తెచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడి వేసిన చీవాట్లు అందులో పడ్డాయి. ఆ ఫైలు ఇప్పుడు గూట్లో ఉంది. పరీక్ష పెట్టినప్పుడల్లా ఈ మూల నుంచి ఆ మూలకు మారుతూనే ఉంది. దానికి రెండో కాపీ లేదు.

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కూతురు వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, వస్తూ వస్తూ మందుల వాసన వెంటతెస్తుంది. తాళాలగుత్తికున్న పెన్‌డ్రైవు తీసి బల్లమీద పెట్టింది.

"ఇవాళైనా దీంట్లోకి కాపీ ఎక్కించు నాన్నా."

"కాపీ ఉందని తెలిస్తే చెయ్యి వణకదే. చెయ్యి వణక్కుండా చేసేది పరీక్షెలా అవుతుంది?"

"నీ పరీక్ష మండా! అమ్మ గొంతు నీ ఒక్కడిదే కాదు. అది పోయిందంటే నిన్ను ఈ జన్మలో క్షమించను."

ఆయన ముద్ద మింగి తలవంచుకున్నాడు. ఆ మాట గుచ్చుకుంది. పొద్దున్నే గూడు రాసినాయన దగ్గర్నుంచి మెయిల్లో ఉత్తరమొచ్చింది: నమ్ముకోవద్దన్న మాట ఇక తీసేద్దామనుకుంటున్నాను, మీరేమంటారు? ఏమంటాడు? ఊరూపేరూ తెలియనివాళ్లు తమ పిల్లల ఫొటోలు తెచ్చి ఇందులో పెట్టుకుంటారు. తన ప్రాణంలాంటిది పెట్టి చూడకుండా సరేననడానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఒక్కసారి, ఆఖరుసారి లాగుతా. సాయంత్రం రా, నీ చేతికిస్తా."

"మాట తప్పావో!" అని వేలు చూపించి, ఖాళీ క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.

ఎండ కిటికీలోంచి జారి బల్లమీదికొచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఆ ఫైలును మరోచోటికి మార్చడం మొదలెట్టి, నాడా ముడిలో చెయ్యి దూర్చి, కుర్చీలో వెనక్కి వాలి, పచ్చదీపాన్ని చూస్తూ కూర్చున్నాడు. గూడు పద్ధతి ఆయనకు ఇష్టం. కొత్తింట్లో సామానంతా సర్దుకున్నాకే పాతింటి తాళం ఇచ్చే మనిషిలాంటిది. అక్కడ కుదురుకునేదాకా ఇక్కడిది చెరపదు. రెప్పలు బరువెక్కుతుంటే ఒక వీధి కనిపించింది. రెండువైపులా ఒకేలాంటి చిన్న చిన్న ఇళ్లు. ఆవిడ క్యారేజీ పట్టుకుని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి నడుస్తోంది. ఉన్నట్టుండి దీపాలన్నీ పోయాయి. ఆవిడ నడివీధిలో ఆగి చీకటిని తిట్టుకుంటోందే గానీ చేతిలోది మాత్రం కింద పెట్టడం లేదు. ఆయనకు నవ్వొచ్చింది. వస్తున్నానుండు, అందామనుకున్నాడు.

చెయ్యి కుర్చీ పక్కకు జారింది. నాడా బిగిసింది. ప్లగ్గు టప్పున నేలమీద పడింది.

"బతికిందా మాస్టారూ?" యజమాని కేకేశాడు. జవాబు రాలేదు. "సరే, కాసేపు కునుకు తియ్యండి" అనుకుని తన పనిలో పడ్డాడు.

సాయంత్రం కూతురు వచ్చి భుజం తట్టేదాకా ఆయన ఇక లేడని ఎవరికీ తెలియలేదు.

ఆయన సామాను తీసుకుపోవడానికి ఆ అమ్మాయి మళ్లీ కొట్టుకు రావడానికి కొన్ని రోజులు పట్టింది. వెనక గది అలాగే ఉంది. బల్లమీద పెన్‌డ్రైవు, నేలమీద ప్లగ్గు.

"ఎవర్నీ ముట్టుకోనివ్వలేదమ్మా" అన్నాడు యజమాని. "ఆ ప్లగ్గు పడ్డ చప్పుడు విన్నాను. బతికిందా అని కూడా అడిగాను. లేచి చూడొద్దూ, పాపిష్టివాణ్ణి!" అంటూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ అమ్మాయి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. ఫైలు మారుతుండగా ఊడింది ఇది. లోపల అమ్మ ఉందో లేదో. నాన్నను తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. చెయ్యి ఎంత వణికిందంటే ప్లగ్గు బోర్డు రంధ్రాల్లోకి ఒకపట్టాన దూరలేదు.

తెర వెలిగింది. ఫైలు మారబోయిన చోట వెతికింది. ఏమీ లేదు. పాత చోట చూసింది. చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. నొక్కింది.

"ఆ ప్లగ్గుతో ఆటలు చాలు గానీ, లేస్తారా లేదా? అన్నీ చల్లారిపోతున్నాయి. ఎంతసేపని కూర్చుంటారండీ అక్కడ?"

యజమాని ఖాళీ కుర్చీ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. ఆ అమ్మాయి నవ్వింది, నవ్వుతూనే భోరుమంది. ఏడుపు తగ్గాక పెన్‌డ్రైవులో కాపీ ఎక్కించుకుంది. తర్వాత, జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్న గూడు రాసినాయన ఉత్తరం తెరిచి, నాన్న తరఫున ఒక్క మాట రాసింది: తీసెయ్యండి.

మిషను పచ్చదీపం మిణుకుమంటూనే ఉంది. బోర్డు నుంచి నాడా కిందికి వేలాడుతోంది, కొసన ముడిలో ఆయన చెయ్యి దూరేంత ఖాళీ అలాగే ఉంది.