తొట్టిలో నా పరక

గడ్డి కడగడం నా పనే. ఆగమన కాలం మొదలవడానికి ముందు ఎండుగడ్డి కట్ట విప్పి, దుమ్ము దులిపి, బకెట్లో జాడించి, మేడ మీద పాత దుప్పటి పరిచి ఆరబెడతాను. పెళ్ళయిన మొదటి ఏడాది కడగని గడ్డి దగ్గర కూర్చుని మా ఆయన జపం పొడుగునా తుమ్మాడు. మరుసటి ఏటినుంచి ఎవరికీ చెప్పకుండా కడగడం మొదలుపెట్టాను. తుమ్ములు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో ఎవరూ అడగలేదు. ఆరిన గడ్డిని కొట్లో లేసు కత్తిరించే కత్తెరతో ఒకే పొడవుకు కత్తిరిస్తాను. ఆ పొడవు మా అత్తగారు చెప్పింది. తొట్టిలో పట్టాలి, అంచు దాటి పొడుచుకు రాకూడదు.

మా ఇంట్లో ఆగమన కాలం ఇలా జరుగుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ, పచ్చటి ఆకుల చక్రంలో వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తాం. జపం అయ్యాక ఆ వారం ఇంట్లో ఎవరు ఏ త్యాగం చేశారో చెప్పుకుంటాం. ఒక్కో త్యాగానికి ఖాళీ తొట్టిలో ఒక్కో గడ్డిపరక. పండగ నాటికి బాలయేసుకు మెత్తని పడక తయారవుతుంది. అత్తగారు దీనికి రెండు షరతులు పెట్టారు. ఎవరి మంచి వాళ్ళు చెప్పుకోకూడదు, చూసినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. రెండోది, బాధ్యత త్యాగం కిందికి రాదు.

ఇంట్లో అందరినీ చూస్తూ తిరిగేది నేనే కాబట్టి అందరి తరఫునా సాక్ష్యం నాదే. మొదటి ఆదివారం, ఆయన టీవీలో మ్యాచి వదిలేసి వాళ్ళమ్మకు మందులు తెచ్చాడని చెప్పాను. ఒక పరక. అత్తగారు టీలో చక్కెర మానేశారని చెప్పాను. ఇంకో పరక. మా అమ్మాయి తన రంగు పెన్సిళ్ళు క్లాసులో పిల్లకు ఇచ్చిందని చెప్పాను. మా అమ్మాయిని అందరూ పిచుక అంటారు, నోరు ఊరుకోదు గనక.

"అయిపోయినట్టేనా? ఆకలేస్తోంది" అన్నాడు మా ఆయన.

"మరి అమ్మకి?" అంది పిచుక.

"అమ్మేం చేసిందే?" అన్నారు అత్తగారు. "వండింది, ఉతికింది, నా మోకాళ్ళకు తైలం రాసింది. అవి చెయ్యక ఏం చేస్తుంది? గడియారం తిరుగుతోందని ఎవరన్నా చప్పట్లు కొడతారా?"

పిచుక నవ్వింది. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళి వడ్డించాను.

కొట్లో నాకు కొలబద్ద ఒక్కటే. పెద్ద దుకాణం దర్జీ వచ్చినా, చిరిగిన జాకెట్టుకు హుక్కులు కొనుక్కునే ముసలావిడ వచ్చినా దాని పొడవు మారదు. దారాలు, గుండీలు, జిప్పులు, రిబ్బన్లు నా సరుకు. వీధిలో నన్ను గుండీలమ్మ అంటారు. ఊడిపోయిన గుండీ రంగు నోటితో చెబితే చాలు, చూడకుండా దాని జత తీసి ఇస్తాను. ఆ కొట్టు ఒకప్పుడు విరిగిన మంచాలు, ఎలుకలు ఉండే మా ఇంటి ముందు గది. కడిగి, సున్నం వేసి, అరలు కొట్టించి కొట్టు చేసింది నేను. "ఏదో కాలక్షేపానికి పెట్టుకుంది" అంటాడు మా ఆయన వచ్చినవాళ్ళతో. ఆయన కంపెనీ మూతపడిన ఏడాది ఇల్లు నడిచింది ఆ కాలక్షేపం మీదే. అప్పుడు కూడా ఆయన ఆ మాట మార్చలేదు, గొంతు మాత్రం కొంచెం తగ్గించాడు. వ్యాపారంలో ఎవరితోనైనా బేరం తేల్చుకోగలను గానీ, ఇంట్లో నా కొలబద్ద ఎప్పుడూ అవతలివాళ్ళ చేతిలోనే ఉంది.

మూడో ఆదివారం సంతోషపు ఆదివారం. మిగతా మూడూ ఊదారంగు కొవ్వొత్తులు, ఇది గులాబీ రంగుది. బజారంతా తిరిగినా దొరకలేదు. తెల్ల కొవ్వొత్తికి కొట్లోంచి గులాబీ రిబ్బను తెచ్చి చుట్టాను.

"కొట్టున్న మహరాణివి, ఒక కొవ్వొత్తి తేలేకపోయావా?" అన్నారు అత్తగారు. అయినా ఆ సాయంత్రం ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. జపం అయ్యీ అవగానే, "ఇవాళ సాక్ష్యం నాది" అన్నారు. "నా కొడుకు ముందు గది తమ్ముడికి ఇచ్చేస్తున్నాడు. పండగ వెళ్ళగానే చిన్నాడు అందులో ఫోన్ల కొట్టు పెట్టుకుంటాడు. తన వాటా తోడబుట్టినవాడికి వదులుకోవడమంటే మాటలా?"

మా ఆయన తల వంచుకుని పరక తీసుకున్నాడు. తొట్టిలో జాగ్రత్తగా, మిగతా వాటి పక్కన సరిగ్గా కుదిరేలా పెట్టాడు. తల ఎత్తకుండానే, "నీకూ విశ్రాంతి దొరుకుతుంది. అమ్మ దగ్గర ఉండొచ్చు" అన్నాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను. నా కొట్టు మా ఆయన త్యాగం చేయడం అప్పుడే చూశాను. గది ఆయనదే, కాదనను. కానీ ఆ అరలు? ఫలానా దర్జీకి ఫలానా దారమని చేతికి తెలిసిన ఆ తెలివి? పొద్దున తలుపు తీసి బయట నీళ్ళు చల్లేటప్పుడు నేనొక మనిషినని అనిపించే ఆ కాస్త సేపు? ఇవన్నీ ఏ పరక కింద పెట్టాడు? జానెడు లేసు ఎక్కువ కోయించుకోవాలని చూసినవాళ్ళను గుమ్మం దాటనివ్వని నా నోరు ఆ క్షణంలో పెగల్లేదు. మాట్లాడితే పండగ పూట, జపం దగ్గర గొడవ పెట్టిందంటారు. మాట్లాడకపోతే ఒప్పుకుందంటారు. రెండువైపులా నష్టమున్న బేరంలో తక్కువ నష్టం ఎటో చూసుకోవడం నాకు అలవాటు. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ మౌనమే చవకనుకున్నాను. చవకనుకుని గంపగుత్తగా కొంటూనే ఉన్నాను.

"నేను అమ్మకి సాక్ష్యం చెప్తా!" అని లేచింది పిచుక. "అమ్మకి ఏడుపొచ్చింది, నేను చూశా. కానీ ఏమీ అనలేదు. నోరు మూసుకుంది. అది త్యాగమే కదా నాన్నమ్మా?"

అత్తగారు మురిసిపోయారు. "అదీ ఆడపిల్ల తెలివంటే! పెట్టవే తల్లీ, పెట్టు."

ఇన్నేళ్ళలో ఆ తొట్టిలో నా పేరున పడ్డ మొదటి పరక అది. పిచుక దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, ఏదో బహుమతి తెచ్చిపెట్టినట్టు నా వైపు చూసింది.

"నాక్కూడా వచ్చే వారం ఇలాంటిదే వస్తుందమ్మా. వెనక బెంచీ వాడు రోజూ నా జడ లాగి మెడ మీద గిల్లుతాడు కదా. ఇంక నేను కూడా ఏమీ అనను."

దాని మెడ మీద చెయ్యి వేశాను. జడ కింద చర్మం కమిలి ఉంది. నేను ఇన్నాళ్ళూ చవకనుకున్న సరుకు వెల ఎవరు కట్టాలో అప్పుడు అర్థమైంది.

తొట్టిలో చెయ్యిపెట్టి ఆ పై పరక తీసేశాను.

"అయ్యయ్యో, అదేం పనమ్మాయ్! దేవుడి దగ్గర పెట్టింది తీస్తారా ఎవరైనా?"

"ఇది త్యాగం కాదత్తయ్యా, భయం. దేవుడి బిడ్డ కింద భయం పరచకూడదు."

పిచుక మొహం చిన్నబోయింది. "నేను తప్పు చెప్పానా?"

"చూసింది నిజమే చెప్పావు. వాడు మళ్ళీ ముట్టుకుంటే గట్టిగా అరిచెయ్. క్లాసంతా వినాలి."

"అప్పుడు పరక రాదు కదా?"

"రాదు."

మా ఆయన గొంతు లేచింది. "జపం దగ్గర ఏంటీ నాటకం? ఆ ముక్క నాతో విడిగా చెప్పొచ్చుగా?"

"గది ఇచ్చేముందు మీరు నాకు విడిగా చెప్పారా?" అన్నాను. "గది మీది, ఇచ్చుకోండి. కొట్టు నాది. అది మీరు ఇవ్వగలిగింది కాదు."

ఆ రాత్రి అందరికీ అన్నం నేనే వడ్డించాను.

మర్నాడు పొయ్యి వెలిగించకుండా కొట్టు తాళం తీశాను. వీధి చివర కుట్టు మిషనావిడ తన వసారాలో సగం జాగా ఇచ్చింది. "ఇరుకే గుండీలమ్మా. వానొస్తే జల్లు కొడుతుంది మరి" అంది. వర్షం జల్లుకు పట్టా కట్టుకోవచ్చు. గుండీల గాజు సీసాలు దారిలో పగలకుండా పెట్టెల్లో మెత్త వెయ్యాల్సి వచ్చింది. చేతికి అందింది కడిగి కత్తిరించి పెట్టిన గడ్డి. అంతా వాడేశాను.

ఆ వారం పిచుక బడిలో అరిచింది. టీచరు దాన్నీ నిలబెట్టింది, వాణ్ణీ నిలబెట్టింది. సాయంత్రం వసారాకి వచ్చి, పెట్టె మీద కూర్చుని కాళ్ళూపుతూ, "గొంతు నొప్పెట్టిందమ్మా" అంది. మెడ చూశాను. కొత్త మచ్చలు లేవు.

నాలుగో ఆదివారం అత్తగారు నాతో మాట్లాడలేదు. గడ్డి లేదని కొడుకును బజారుకు పంపి కొత్త కట్ట తెప్పించారు. కట్ట విప్పి అలాగే తొట్టి పక్కన పెట్టారు. కొవ్వొత్తులు నాలుగూ వెలిగించాం. జపం మొదలవగానే మా ఆయన తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

"ఇదేం గడ్డిరా, ఇంత దుమ్ముంది? ఎప్పుడూ ఇలా ఉండేది కాదే" అన్నారు అత్తగారు.

నేను జపమాల మీద తర్వాతి పూసకు వేలు జరిపాను. ఈసారి ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పలేదు.