నాలుగో రోజు స్నానం

"గీజర్ వేశాను. లేచి తలారా పోసుకో అమ్మాయ్. పెసలు నానేసి ఉంచాను, అట్లకి రుబ్బెయ్యాలి" అన్నారు మా అత్తగారు త్రిపురసుందరిగారు, వెనక గది గుమ్మానికి అవతల నిలబడి. తెల్లవారకముందే స్నానం చేసి మడి కట్టుకున్నారు. అందుకని గుమ్మం దాటరు. నేను ఇవతల చాప మీద ఉన్నాను. ఇవాళ నాలుగో రోజు.

భవానీపురంలో లిఫ్టున్న అపార్ట్‌మెంట్లో, వాషింగ్ మెషిన్ పక్కన, చాపా ఒక స్టీలు కంచం పెట్టుకుని ఆడది నెలకి మూడు రోజులు దూరంగా కూర్చుంటుందంటే మా కాలేజీలో ఎవరూ నమ్మరు. పెళ్లైన కొత్తలో ఈ చాప మీద కూర్చుని అవమానంతో ఏడ్చేదాన్ని. నాలుగైదేళ్లు గడిచాక, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నెలంతా ఈ చాప కోసమే ఎదురు చూసేదాన్ని. ఈ మూడు రోజులూ నన్ను ఎవరూ కాఫీ అడగరు. అత్తగారు మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ ఏదో ఇంత ఉడకేస్తారు. కాలేజీకి మాత్రం వెళ్లొచ్చు, జీతానికి మైల అంటదు.

రెండేళ్ల నుంచీ ఆ లెక్క తప్పింది. మొదలైన రక్తం ఆగదు. వారం, పది రోజులు, ఒక్కోసారి పక్షం దాటుతుంది. కుర్చీలోంచి లేచే ముందు వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది. ముదురు రంగు చీరలు తప్ప కట్టను. స్కాన్ చేసిన డాక్టరమ్మ గడ్డలు చూపించి, "గర్భసంచి అయిదో నెల కడుపంత అయిందమ్మా, ఒంట్లో రక్తం సగమే ఉంది, తీసెయ్యడం మంచిది" అంది. మొన్న బస్సులో ఒక అమ్మాయి నా పొట్ట చూసి లేచి సీటిచ్చింది. నలభై నాలుగేళ్లు నాకు. కాదని చెప్పలేదు, కాళ్లు లాగేస్తున్నాయి, కూర్చున్నాను. "ఎన్నో నెల ఆంటీ?" అంటే నవ్వి ఊరుకున్నాను. దిగాక బెంజ్ సర్కిల్ దాకా ఏడుస్తూ నడిచాను.

అక్కడే మా ఇంటర్ కాలేజీ. రోజంతా నిలబడి ఫిజిక్స్ చెప్పాలి, క్లాసులో కుర్చీ ఉండదు. ఒక కుర్చీ వేయించమని అడిగితే మా వైస్ ప్రిన్సిపాల్, "లెక్చరర్ కూర్చుంటే పిల్లలు పడుకుంటారండీ మేడమ్" అన్నాడు. కెమిస్ట్రీ చెప్పే హెలెన్ ఏమీ అడగకుండానే మెట్లెక్కేటప్పుడు నా వెనకే నడుస్తుంది. మరక కనిపిస్తే తన చున్నీ తీసి నా నడుముకి చుడుతుంది. ఈ లోకంలో నా గురించి అంతమాత్రం పట్టించుకునేది ఆవిడొక్కతే.

ఆగని రక్తం మా ఇంట్లో ధర్మసందేహమైంది. పక్షం రోజులు కోడలు చాప మీద కూర్చుంటే వంటెవరు చేస్తారు? అత్తగారు పురోహితుడు శర్మగారికి ఫోన్ చేశారు. నాలుగో రోజు స్నానమయ్యాక వచ్చేది రోగమే గానీ ముట్టు కాదనీ, వంట చేయించుకోవచ్చనీ, దేవుడి గదిలోకి మాత్రం రానివ్వొద్దనీ ఆయన తీర్పిచ్చాడు. దాంతో నా రక్తం పొయ్యి దగ్గర శుభ్రమైంది, దేవుడి దగ్గర మైలగానే ఉండిపోయింది. నేను వండిన పులిహోర ఆవిడ పట్టుకెళ్లి నైవేద్యం పెడతారు. నేను హాల్లో నిలబడి దణ్ణం పెట్టుకుంటాను, కాళ్ల మధ్య బట్ట తడిసిపోతూ ఉంటుంది.

ఆపరేషన్ మాట ఎత్తినప్పుడల్లా మా ఆయన శ్రీరామచంద్రమూర్తిగారు, "చూద్దాంలే" అన్నారు. డాక్టరమ్మని ఆయన అడిగింది ఒక్కటే, "ఎన్నాళ్లకి లేచి పనులు చేసుకుంటుందండీ?" అని. ఆరువారాలు బరువు ఎత్తకూడదని ఆవిడ చెప్పింది. ఇంటి దగ్గర కారు దిగుతూ, "కార్తీకమాసం వెళ్లనీ శాంభవీ. సోమవారాలు అభిషేకాలు, సమారాధన, అంతమంది వస్తారు. అమ్మ వల్ల అవుతుందా?" అన్నారు. నాకు భయం కూడా ఉంది. మా అమ్మాయి జ్ఞాన పెరిగింది ఆ సంచిలోనే. దాని తరువాత నిలవకుండా పోయినదీ అక్కడే. కోసి పడేస్తారంటే అర్థం లేకుండా ఆ సంచి మీద జాలేస్తుంది. అయినా అది వద్దు, నాకు బతకాలనుంది. తల తిరగకుండా ఒక్కసారి మెట్లెక్కాలనుంది.

నిన్న సాయంత్రం ఇదే చాప మీద పడుకుని ఉన్నాను. నిద్రపోయాననుకుని తల్లీ కొడుకులు హాల్లో మాట్లాడుకుంటున్నారు.

"చేయించెయ్యరా" అంటున్నారు అత్తగారు. ఆవిడ నా పక్షాన మాట్లాడడం ఇరవై రెండేళ్లలో అదే మొదలు. "కార్తీకం వెళ్లాక ఎందుకు, ఇప్పుడే చేయించు. పండగల నాటికి లేచి తిరుగుతుంది. ఇక దూరంగా కూర్చునే గొడవే ఉండదు. నాకు ముప్పై రెండో ఏట తీయించేసింది మీ నాయనమ్మ."

"నీకేమైందమ్మా అప్పుడు?"

"ఏమవడమేమిటి? నాకేం జబ్బు లేదు. ఆవిడకి కళ్లు కనబడడం మానేశాయి. నేను దూరం కూర్చుంటే నిత్యం నైవేద్యం ఎవరు వండుతారు? ఊళ్లో డాక్టరు తీసేస్తానన్నాడు, తీయించేశారు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఒక్కరోజు మడివంట ఆగింది లేదు" అన్నారు ఆవిడ. ఆ గొంతులో గర్వమే ఉంది.

"అయితే రేపే డాక్టర్‌తో మాట్లాడతాను" అన్నారు మా ఆయన.

రెండేళ్లుగా బతిమాలుకున్నది ఒక్క మాటలో దొరికింది. సంతోషం రాలేదు. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నా రక్తం తగ్గుతుందని కాదు, నా పని దినాలు పెరుగుతాయని నాకు ఆపరేషన్. సంచీ పోతుంది, దాంతో ఈ చాపా పోతుంది. ముప్పై రెండేళ్ల వయసులో ఏ నొప్పీ లేకుండా కోయించుకుని, ఆ తరువాత ఒక్క రోజూ కూర్చోకుండా అరిగిపోయిన ఆ ముసలావిడని తిట్టుకుందామన్నా మనసు రాలేదు. ఆవిడ నాకు చూపిస్తున్నది నా డెబ్బయ్యో ఏడాది.

"లేవవే, నీళ్లు చల్లారిపోతాయి" అన్నారు అత్తగారు గుమ్మం అవతల నుంచి.

లేవలేదు. చాప మీద గోడకి ఆనుకున్నాను.

"ఆగలేదండీ అత్తయ్యగారూ."

"నాలుగో రోజు కదే. ఇక అది రోగం. శర్మగారు చెప్పలేదూ?"

"అది శర్మగారికి తెలియదండీ. నాకు తెలుసు. ఆగినప్పుడు నేనే చెబుతాను. ఆపరేషన్ దాకా ఆగకపోతే అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. ఆపరేషన్ అయ్యాక కూడా ఆరువారాలు ఇక్కడే ఉంటాను."

"మరి వంట?"

లోపల్నుంచి మా ఆయన, "అమ్మా, కాఫీ" అని పిలిచారు. అత్తగారు ఒక చెయ్యి ముందుకు చాచారు, చిన్నపిల్లని లేపబోయినట్టు. సగంలో ఆపేశారు. నన్ను లేపాలంటే ఆవిడ నన్ను తాకాలి.