జానిల్ లారీ ఎటు తిరిగితే అటు

పొద్దున్నే పాలు పితికి, టీ కాచి, అత్తగారు తుర్సున్‌కి రొట్టె తుంచి పెట్టాక, జానిల్ పెరట్లోకి వెళ్ళి లారీ ముక్కు ఎటుందో చూసేది.

ఒకప్పుడు ఫిరంగులు లాగిన జిల్ రకం సైనిక లారీ అది. దండు ఊరు విడిచిపోతున్నప్పుడు ఆమె మొగుడు సాబిర్ కొనుక్కున్నాడు. తర్వాత అతని ఊపిరితిత్తులు చెడ్డాయి. మందుల కోసం లారీని ఒక్కో భాగమే ఊడదీసి అమ్ముకున్నారు. చివరికి ఇటుకల మీద డొల్ల మిగిలింది, సాబిర్ మిగల్లేదు.

మూడేళ్ళయ్యాక జానిల్ ఆ భాగాల్ని వెతకడం మొదలుపెట్టింది. ట్రాక్టర్ల షెడ్డులో పెరిగిన మనిషి, రెంచి పట్టడం ఆమెకి కొత్త కాదు. పోయిన భాగం ఎక్కడుందో లారీయే చెప్పేది. తెల్లారేసరికి ఇటుకలతో సహా అటు తిరిగి ఉండేది. దారిన పోయేవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, "ఇవాళ కొండల్లో నరీన్ వైపు చూస్తోందమ్మోయ్, చలికోటు వేసుకెళ్ళు" అనేవాళ్ళు. రేడియేటరు ఒక కోళ్ళగూటికి తలుపై దొరికింది. గేర్‌బాక్సుకి గొర్రెనిచ్చింది, చక్రాలకి రెండు ఉన్ని తివాచీలు.

కార్బురేటరు ఒక్కటే మిగిలింది. లారీ బలిక్చి వైపు తిరిగింది.

సరస్సు ఒడ్డున ఆ ఊళ్ళో ఎర్మెక్‌కి తుక్కు సామాన్ల కొట్టు ఉంది. భార్య పోయినవాడు, మాట తక్కువ. జానిల్ అడగ్గానే గుడ్డలో చుట్టినది తీసి చేతిలో పెట్టాడు. తళతళలాడుతోంది.

"ఇన్నేళ్ళూ అమ్మలేదా?"

"ఇవ్వబుద్ధి కాలేదు. దీన్ని నాకిచ్చి వెళ్తూ సాబిర్ ఏడ్చాడు. ఎవరో ఒకరు వస్తారని తుడుస్తూ ఉన్నా."

"ఏమిమ్మంటారు?"

"కాస్త టీ పొయ్యండి. నా టీ నేనే పోసుకు తాగి విసుగెత్తింది."

ఒక కప్పు అనుకున్నది కెటిల్ ఖాళీ అయ్యేదాకా సాగింది. వచ్చేటప్పుడు పెద్దావిడకని పొగబెట్టిన చేప కట్టిచ్చాడు.

కార్బురేటరు బిగించిన రోజు ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. తుర్సున్ దిష్టి పోవాలని ఎండు అర్చ చెట్టు కొమ్మ వెలిగించి లారీ చుట్టూ పొగ తిప్పింది.

మర్నాడు చూస్తే లారీ మళ్ళీ బలిక్చి వైపే ఉంది. జానిల్ ప్రతి బోల్టూ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. లారీలో గడ్డి తెచ్చి, ఈసారి దాన్ని ఎదురు దిక్కుకి తిప్పి ఆపింది. తెల్లారేసరికి మళ్ళీ అటే.

"ఇంకేం తక్కువైందో తెలీడం లేదత్తా."

తుర్సున్ టీ ఊదుకుంటూ, "లారీకేం తక్కువ లేదే మొద్దూ. నీకే" అంది.

జానిల్ ముఖం కందిపోయింది. "ఏం మాటలత్తా అవి! సాబిర్ ఏమనుకుంటాడు?"

"చెబుతున్నది వాడి లారీయే కదే!"

ముసలామె కప్పు కింద పెట్టి, కోడలి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ పోను."

"వదిలెళ్ళమని ఎవరన్నారు? పక్క సీటు నాది. ఆ చేప బాగుంది కూడాను."

ఆ శుక్రవారం ఆవునీ వెనక ఎక్కించుకుని బయల్దేరారు. ఇంజను చప్పుడుకి ఎర్మెక్ బయటికొచ్చాడు. ముందు పెద్దావిడకి చెయ్యందించి దించాడు. తర్వాత ఆవు దిగడానికి పలక వేశాడు. ఆఖరున తలెత్తి జానిల్ వైపు చూశాడు.

మర్నాడు తెల్లారాక చూస్తే, లారీ ఆమె ఎలా ఆపిందో అలాగే ఉంది.