రెండో గొంతు

గుంటలో నీళ్ళు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ మోటారు ఆ నెలలో కాలిపోవడం అది రెండోసారి. పెంచలకృష్ణ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దాన్ని విప్పుతుంటే గట్టు మీద ఫోను మోగింది. ఆగిపోయి మళ్ళీ మోగింది. తడి చేతులు లుంగీకి తుడుచుకుని తీశాడు.

"ఒరేయ్ పెంచలా, నువ్వు చచ్చినా ఫోనెత్తవు గదరా!"

విజయభాస్కర్. సైనిక పాఠశాలలో ఏడేళ్ళు పక్క మంచం. కల్నల్‌గా రిటైరై హైదరాబాదులో ఉంటున్నాడు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే. ఆ గ్రూపులో పెంచలకృష్ణ ఇంతవరకూ ఒక్క మాటా రాయలేదు.

"వచ్చే నెల బడి వార్షికోత్సవం. పిల్లకాయల చేత మన పాత ప్రార్థన గీతం పాడిద్దామని అనుకున్నాం. రెండో గొంతు ఎవురికీ గుర్తు లేదు. ఎలిశబెతు టీచర్ పోయినాక ఆమె నోటుపుస్తకం ఏమైందో తెలీదు. నీకైతే గుర్తుంటాదని అందరూ అంటాండారు. ఫోన్లో పాడి పంపు, రెండు నిమిషాల పని."

కుదరదని చెప్పడానికి కూడా ఓపిక లేక సరేనన్నాడు పెంచలకృష్ణ.

మధ్యాహ్నం మేత బస్తాల షెడ్డులో కూర్చుని ప్రయత్నించాడు. ముప్పైమంది పిల్లలు అసలు వరుస పాడుతుంటే, ఎనిమిది మంది మాత్రం దాని కింద వేరే వరుసలో, మెల్లగా, లోతుగా పాడేవారు. అదే రెండో గొంతు. పొద్దున బ్యాండులో అతను పెద్ద డ్రమ్ము మోసేవాడు. తోలు పట్టీ ఒరుసుకుని మెడ మీద చర్మం లేచిపోయేది. సాయంత్రం ఆ మంట మీద కొబ్బరినూనె రాసుకుని పాటకు పోయేవాడు. "నీ పాట విడిగా ఎవరికీ వినపడకూడదు కృష్ణా. నువ్వు ఆపేస్తే మాత్రం అందరికీ తెలియాలి," అనేది ఎలిశబెతు టీచర్, స్కేలుతో బల్ల మీద తాళం వేస్తూ.

మూడు చరణాలూ గుర్తున్నాయి. కానీ రెండో పంక్తికి వచ్చేసరికి అతని గొంతు తెలియకుండానే అసలు వరుసలోకి జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ జారింది. నాలుగోసారి ఫోను పక్కన పడేశాడు.

పైన అసలు వరుస పాడే షఫీ గొంతు లేదు మరి. షఫీ ముందు వరుసలో నిలబడేవాడు, సరిగ్గా అతనికి ఎదురుగా. నున్నగా కత్తిరించిన వాడి తల వెనక భాగం చూస్తూ, వాడు పైకి పోయినప్పుడల్లా తాను కిందికి దిగేవాడు.

బడి అయ్యాక ఇద్దరూ సైనిక అకాడమీ పరీక్ష రాశారు. కంటి పరీక్షలో షఫీని తీసేశారు. ఇంటర్వ్యూలో పెంచలకృష్ణను వెనక్కి పంపేశారు. ఆ తరవాత ఒకసారి గూడూరు స్టేషన్లో ఎదురుపడి, ఏం చేస్తున్నావని ఒకరినొకరు అడిగి, ఇద్దరూ సరిగా జవాబు చెప్పలేకపోయారు. తగాదా ఏమీ లేదు. కలుసుకోవడం మానేశారు, అంతే. షఫీ గూడూరులో మోటార్ల వైండింగ్ కొట్టు పెట్టాడని తెలిసినా, పెంచలకృష్ణ కాలిన మోటారు వేసుకుని ఆ ఊరు దాటి నెల్లూరు దాకా పోయేవాడు.

"గూడూరులోనే మీ షఫీ కొట్టు ఉండాది గదా, ఈ ఎండలో నెల్లూరు దాకా ఎందుకు పోవాల?" అని భార్య చెంచులక్ష్మి ఎప్పటిలాగే అడిగింది. ఎప్పుడూ ఏదో ఒక సాకు చెప్పేవాడు. మర్నాడు నిజంగానే నెల్లూరు దాకా పోయే శక్తి లేకపోయింది. ఆటోను గూడూరులో ఆపించాడు.

మెడకు తువ్వాలు చుట్టుకుని రాగి తీగ చుడుతున్న మనిషి తలెత్తి చాలాసేపు చూశాడు.

"కూర్చో," అన్నాడు. మాట కాదు, ఉత్త గాలి. "గొంతులో గడ్డ తీసేసినారు. నాలుగేళ్ళయింది."

షఫీ మోటారు విప్పి చూశాడు.

"ఎవురు చుట్టినారు దీన్ని?"

"నెల్లూర్లో."

షఫీ కాలిన తీగను తెంపి పక్కన పడేశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది పెంచలకృష్ణకు. పాట సంగతి చెప్పాడు. షఫీ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"నా దగ్గిరికా వచ్చినావు పాటకోసరం?" అని శబ్దం లేకుండా నవ్వాడు.

అప్పుడే అన్నం క్యారియర్‌తో అతని కూతురు ఆయేషా వచ్చింది. ఊళ్ళోనే ఒక బడిలో టీచరు. సంగతి విని, "పొద్దున పాటేనా? చిన్నప్పుడు నన్ను నిద్ర లేపేదానికి నాన్న రోజూ పాడేవాడు. నాకంతా వచ్చు," అంది.

"దీనికి కింద ఇంకో వరుస ఉండాదమ్మా. ఈయన పాడేవాడు," అన్నాడు షఫీ.

ఆ పిల్ల ఆశ్చర్యంగా పెంచలకృష్ణ వైపు చూసింది. "ఇన్నేళ్ళూ నేను సగమే ఇన్నానా అంకుల్?"

ఫ్యాను ఆపి, ఫోను బల్ల మీద పెట్టారు. మొదటిసారి ఆయేషా అతని వరుసలోకి వచ్చేసింది. రెండోసారి అతను ఆమె వరుసలోకి పోయాడు. షఫీ లేచి కూతురి భుజాలు పట్టుకుని, పెంచలకృష్ణకు వీపు చూపించేలా ఎదురుగా నిలబెట్టాడు. స్క్రూడ్రైవర్‌తో మోటారు డొప్ప మీద తాళం మొదలుపెట్టాడు.

ఈసారి నిలిచింది. ఆ పిల్ల ముసుగు వెనక భాగం చూస్తూ పాడాడు పెంచలకృష్ణ. ఆమె పైకి పోతే తను కిందికి దిగాడు. రెండో చరణంలో గొంతు పగిలింది. మూడో చరణంలో స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత వేసి వాళ్ళ పాటను ముంచేసింది. అయినా ఆపలేదు. షఫీ పెదవులు ప్రతి మాటకూ కదులుతున్నాయి. తాళం మాత్రం తప్పలేదు.

పంపిన పది నిమిషాలకే విజయభాస్కర్ నుంచి జవాబు వచ్చింది. 'క్లియర్‌గా లేదు. చివర రైలు కూత. ఇంకోసారి పాడి పంపు. ఆ పాప ఎవరు?'

"మళ్ళీ పాడతావా?" అన్నాడు షఫీ.

"నా వల్ల కాదురా. నిన్నటి నించీ నిద్ర లేదు."

'షఫీ కూతురు. ఇంతే వచ్చింది,' అని రాసి ఫోను జేబులో వేసుకున్నాడు. ముగ్గురూ క్యారియర్లో ఉన్న అన్నం పంచుకుని తిన్నారు. తిన్నాక పెంచలకృష్ణ బల్ల మీదే గంటసేపు నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు.

నాలుగు రోజులకు మోటారు తీసుకుపోవడానికి వచ్చాడు. బడిలో సంగీతం టీచరు ఆ పాట విని వరుస రాసుకున్నాడనీ, పిల్లలకు నేర్పుతున్నాడనీ అప్పటికే గ్రూపులో వచ్చింది. వార్షికోత్సవానికి ఇద్దరినీ రమ్మన్నారు.

"పోతావా?" అని అడిగాడు షఫీ.

"ఆ వారమే రొయ్యల పట్టుబడి. గుంట ఇడిచి ఎట్టా పోయేది? నువ్వు?"

షఫీ తల అడ్డంగా ఊపాడు. "ఆ కల్నళ్ళ మధ్య ఈ గొంతేసుకుని ఏం మాట్టాడేదిరా?"

వైండింగ్ బాగా చేశాడు. ఉప్పుగాలికి తట్టుకోవడానికి వార్నిష్ రెండు పూతలు వేశాననీ, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదనీ చెప్పాడు. ఇద్దరూ మోటారును చెరో పక్క పట్టుకుని ఆటోలోకి ఎక్కించబోయారు. సగం ఎత్తాక ఇద్దరికీ చేతకాలేదు. కింద దించి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఊపిరి తీసుకుని మళ్ళీ పట్టుకున్నారు.